పీడీఎంఎస్ పొరకు తామరాకు గుణం: ముందు గరుకుదనం, తరువాత ప్లాస్మా

నమస్కారం. పీడీఎంఎస్ అనే సిలికాన్ రబ్బరు పొర మీద నీటిబొట్టు నిలవకుండా దొర్లిపోయేలా ఎలా చేయాలో ఈ రోజు చూద్దాం. నున్నని పీడీఎంఎస్ మీద బొట్టు సుమారు 110 డిగ్రీల స్పర్శకోణంతో, అంటే బొట్టు అంచు పొరతో చేసే కోణంతో, కూర్చుంటుంది. మనకు 150 డిగ్రీలు దాటాలి, పైగా పొరను 10 డిగ్రీలు వంచేలోపే ఆ బొట్టు కదిలిపోవాలి.

పీడీఎంఎస్ ద్రవం (బేస్) 10 పాళ్లు, దాన్ని గట్టిపరిచే క్యూరింగ్ ఏజెంట్ 1 పాలు కలిపి, గాలి తోడేసే మూతపాత్ర, అంటే వాక్యూమ్ డెసికేటర్‌లో బుడగలు తీసేసి, ఇదిగో, ఈ ఎమరీ కాగితం మీద పోసి, 70 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు ఉంచాను. కాగితం గరుకు పొర మీద గుంటలుగా అచ్చు పడుతుంది. ఒలిచాక ఆ గుంటల్లో ఇరుక్కున్న రవ్వలను సెల్లోటేపుతో తీయండి. బ్రష్ వాటిని ఇంకా లోపలికి తోస్తుంది కాబట్టి నేను టేపునే వాడతాను.

ఇప్పుడు ఆక్సిజన్ ప్లాస్మా, అంటే విద్యుత్తుతో ఉత్తేజపరచిన ఆక్సిజన్ వాయువు. 30 సెకన్లు చాలు. మరీ ఎక్కువసేపు ఉంచితే పైపొర గాజులా పెళుసెక్కి బీటలు వారుతుంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. ప్లాస్మా తగిలిన ఈ పక్క ముక్క మీద బొట్టు వేస్తున్నాను, చూడండి, పరుచుకుపోయింది. మొదటిసారి ఇది చూసి, ఏదో చెడిందనుకుని పొరను రాత్రంతా బల్ల మీదే వదిలేశాను. తెల్లవారేసరికి బొట్టు మళ్లీ గుండ్రంగా నిలిచింది కానీ, ఆ తరువాత పట్టించిన ఫ్లోరోసిలేన్ (నీటిని దూరంగా నెట్టే పూత రసాయనం) సరిగా అంటలేదు. ప్లాస్మా ఉపరితలం మీద హైడ్రాక్సిల్ (OH) గుంపులను పుట్టిస్తుంది, ఫ్లోరోసిలేన్ పట్టుకునేది వాటినే. పొరను గాలిలో వదిలేస్తే లోపలి చిన్న సిలికాన్ గొలుసులు పైకి వచ్చి వాటిని కప్పేస్తాయి. అందుకే బొట్టు పరుచుకోవడం మంచి గుర్తు. అది కనబడగానే, నిమిషాల్లోనే, పొరను డెసికేటర్‌లో పెట్టి, పక్కన చిన్న మూతలో రెండు చుక్కల ఫ్లోరోసిలేన్ వేసి, గాలి తోడేసి గంటసేపు ఆవిరి పట్టించండి. ఈ పని ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

కోణం ఒక్కటే కొలిచి ఆగకండి, తప్పకుండా వంచి చూడండి. ఎడమ పక్కది ఆ పాత పొర: బొట్టు గుండ్రంగానే ఉన్నా గరుకు గుంటల్లోకి నీరు దిగిపోయింది కాబట్టి తలకిందులు చేసినా వదలడం లేదు. కుడి పక్కది ఇప్పుడు చేసినది, దాని మీద కొంచెం సుద్దపొడి చల్లాను. గుంటల్లో గాలి నిలిచి ఉంది కాబట్టి, చూడండి, బొట్టు పొడిని తనతో పట్టుకుని అంచు దాటిపోయింది.