వాల్దెమోసా కొండ చుట్టూ ఒక పూట

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట ఒక కొండ చుట్టి వద్దాం రండి. స్పెయిన్‌కి తూర్పున, మధ్యధరా సముద్రంలో మయోర్కా అని ఒక దీవి ఉంది. ఆ పేరు చెప్పగానే యూరప్‌లో ఎవరికైనా సముద్రపు ఒడ్డు, ఇసుక, ఎండలో పడుకున్న జనం, వరసగా హోటళ్ళు, ఇవే గుర్తొస్తాయి. జర్మనీలోనూ ఇంగ్లండ్‌లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు కూడా చవగ్గా విమానం టిక్కెట్లు దొరికితే చాలు, నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళొస్తుంటారు, వెళ్ళి ఆ ఒడ్డునే కూర్చుని ఇంటికి ఫోటోలు పంపిస్తుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఒక్క రోజు ఒడ్డు వదిలేసి కొండెక్కండి. దీవికి వాయవ్యం వైపు, తీరం పొడుగునా త్రమున్తానా అనే కొండల వరస ఉంది. 2011లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది. కొండలు అందంగా ఉన్నాయని మాత్రమే కాదు, ఆ కొండల మీద మనుషులు వందల ఏళ్ళుగా చేసిన కష్టాన్ని చూసి తీసుకుంది. నా మాటలు కూడా ఎక్కువగా ఆ కష్టం గురించే ఉంటాయి.

ఊరి పేరు వాల్దెమోసా. దీవి రాజధాని పాల్మా నుంచి బస్సులో అరగంట ప్రయాణం. 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. నడక ఈ ఊళ్ళో మొదలై, కొండంతా తిరిగి, మళ్ళీ ఈ ఊళ్ళోనే తేలుతుంది. వెళ్ళిన దారినే వెనక్కి రానక్కర్లేదు. మొత్తం 12, 13 కిలోమీటర్లు ఉంటుంది, ఆగి చూసుకుంటూ నడిస్తే ఐదారు గంటలు పడుతుంది.

ఊరి గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎలాగూ బోలెడుమంది. ఇక్కడ ఒక పాత మఠం ఉంది. 1835లో ప్రభుత్వం సన్యాసులను పంపించేశాక దాని గదులు అద్దెకిచ్చారు. 1838-39 చలికాలంలో పియానో సంగీతకారుడు షోపాన్ జబ్బుగా ఉండి, రచయిత్రి జార్జ్ సాండ్‌తోనూ ఆవిడ పిల్లలతోనూ వచ్చి ఇక్కడ ఉన్నాడు. ఆయన పియానోనేమో కస్టమ్స్‌లో ఇరుక్కుపోయింది. అయినా ఆ చలిలోనే, ఆ దగ్గుతోనే ప్రెల్యూడ్స్ అనే తన చిన్న పియానో కృతులను పూర్తి చేశాడు. బస్సులు నిండా జనం వచ్చేది ఆయన పేరు మీదే. ఊరివాళ్ళకు మాత్రం సొంత మనిషి కాతలీనా తొమాస్ అనే సాధ్వి, పదహారో శతాబ్దంలో ఇక్కడే పుట్టింది. దాదాపు ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఆవిడ బొమ్మలు వేసిన పెంకు ఒకటి గోడలో పొదిగి ఉంటుంది. సందుల్లో నెమ్మదిగా నడుస్తూ ఆ పెంకులు ఒక్కొక్కటే చూసుకుంటూ ఊరి చివరికి వచ్చేయండి.

ఇక ఎక్కుడు. ఊరు దాటగానే రెండు పక్కలా ఆలివ్ తోటలు, వాలు మీద అంచెలంచెలుగా కట్టిన పొలాలు. ఒక్కో అంచెను నిలబెట్టేది ఒక రాతి గోడ. అక్కడ కాసేపు ఆగి ఆ గోడను దగ్గరగా చూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు, మట్టి కూడా మెత్తలేదు, రాయి మీద రాయి పేర్చి నిలబెట్టారు. ముందు వరసలో పెద్ద రాళ్ళు, ఒకదాని పక్కన ఒకటి అతికినట్టు కూర్చునేలా సుత్తితో అంచులు చెక్కినవి. వాటి వెనకాల చేతికందే చిన్న రాళ్ళు దట్టంగా కూరారు, ఆ వెనక మట్టి. గోడ మొత్తం కొండ వైపు కొంచెం ఒరిగి ఉంటుంది. ఇదంతా నీళ్ళ కోసం. ఆకురాలే కాలంలో మధ్యధరా వానలు పడితే ఒక్కసారిగా కుండపోతగా పడతాయి. సున్నం పెట్టి గట్టిగా కట్టిన గోడైతే వెనకాల నీళ్ళు నిలిచి, మట్టి బరువెక్కి, గోడను ముందుకు తోసేస్తుంది. ఈ పేర్పుడు గోడలో నీళ్ళు చిన్న రాళ్ళ సందుల్లోంచి జారి కిందికి పోతాయి, మట్టి మాత్రం ఆగిపోతుంది. ఎక్కడైనా ఒక చోట కూలినా, పడ్డ రాళ్ళతోనే మళ్ళీ కట్టుకోవచ్చు, కొత్తగా కొనాల్సిందేమీ ఉండదు. ఈ పని చేసే మేస్త్రీలను అక్కడ మార్జేర్ అంటారు. 2018లో యునెస్కో ఈ రాతి పేర్పు విద్యను కూడా గుర్తించింది. స్పెయిన్‌తో పాటు గ్రీసు, ఇటలీ, సైప్రస్, క్రొయేషియా, ఫ్రాన్స్, స్లొవీనియా, స్విట్జర్లాండ్, ఎనిమిది దేశాలు కలిసి అడిగాయి. నాకైతే ఆ మఠం కంటే ఈ గోడలే గొప్పగా అనిపిస్తాయి, ఎందుకంటే మఠానికి డబ్బు పెట్టినవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, ఈ గోడలను మాత్రం ఎవరి పొలం కోసం వాళ్ళు, తరాల తరబడి, ఎండాకాలమూ చలికాలమూ చూడకుండా పేర్చుకుంటూ వచ్చారు.

తోటలు దాటాక అడవి మొదలవుతుంది. అల్జీనా అంటారు ఆ చెట్టును. ఓక్ జాతిదే, కానీ ఆకు రాల్చదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. చిన్న ముదురాకులు, గట్టి చేవ, కింద నల్లటి నీడ. దారి మెలికలు తిరుగుతూ ఎక్కి ఎక్కి ప్లా దెస్ పోవెత్ అనే చదును జాగాకు చేరుతుంది. అక్కడ ఒక పాత బావి ఉంది. ఆ నీళ్ళ మీద ఆధారపడొద్దు, మీ నీళ్ళు మీరు తెచ్చుకోవాల్సిందే. ఇక్కడే నాలుగైదు దారులు కలుస్తాయి, చాలామంది తికమకపడేది కూడా ఇక్కడే. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, చెట్ల కింద సిగ్నల్ వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇంకొంచెం ఎక్కితే చెట్లు అయిపోతాయి, ఒక్కసారిగా ఆకాశం. కొండ శిఖరం అంచు మీద రాళ్ళు పరిచిన దారి ఒకటి సాగిపోతూ కనిపిస్తుంది. ఎడమ వైపు కొండ నిలువునా తెగిపోయి కింద సముద్రం, కుడి వైపు దీవి మైదానమంతా, పాల్మా దాకా. ఇంత ఎత్తున, పొలం లేని చోట, ఇల్లు లేని చోట ఇంత చక్కటి రాతిబాట ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు?

వేయించింది ఆస్ట్రియా రాజవంశం మనిషి, ఆర్చ్‌డ్యూక్ లుడ్విగ్ సాల్వతోర్. హాప్స్‌బర్గ్ వంశంలో 1847లో ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో మొదటిసారి ఈ దీవికి వచ్చి, మనసు పారేసుకుని, 1872లో కింద తీరం వాలు మీద మిరమార్ అనే ఎస్టేటు కొన్నాడు, ఆ పక్కవి కూడా ఒక్కొక్కటే కొనుక్కుంటూ పోయాడు. కొన్న చోట చెట్టు కొట్టనివ్వలేదు. ఈ దీవుల మీద, ఇక్కడి పంటలు, ఇళ్ళు, ఆచారాలు, పాటలు, చేపలు పట్టే పద్ధతులు అన్నీ తానే తిరిగి తెలుసుకుని జర్మన్ భాషలో సంపుటాల కొద్దీ రాశాడు. రాజకుమారుడై ఉండి మాసిన బట్టలతో తిరిగేవాడట. ఒకసారి ఎవరో రైతు బండి తోయడానికి సాయం అడిగితే సాయం చేశాడనీ, ఆ రైతు కూలి మనిషనుకుని చేతిలో చిల్లర పెట్టాడనీ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తన సత్రంలో మూడు రోజులు ఉచితంగా ఉండవచ్చని ఏర్పాటు చేశాడు. ఆయన ఈ శిఖరం బాట వేయించింది రాకపోకల కోసం కాదు, సంత కోసం కాదు, కేవలం చూడ్డానికి. గుర్రం మీదో కంచరగాడిద మీదో కూర్చుని, సముద్రంలో పొద్దు వాలడం చూసుకుంటూ వెళ్ళడానికి. ఏ చోట నిలబడితే ఏం కనిపిస్తుందో లెక్క వేసుకుని అక్కడక్కడా రాతి అరుగుల్లాంటి చూపు తావులు కట్టించాడు. ఒక చోట నుంచి కింద సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ కనిపిస్తుంది, సా ఫొరదాదా అంటారు, దాని మధ్యలో ఈ పక్క నుంచి ఆ పక్కకు పెద్ద కన్నం. బాట మీద ఎత్తైన చోటు కరగోలీ శిఖరం, దాదాపు 945 మీటర్లు. పక్కనే తెయిష్ కొండ ఇంకా ఎత్తు, 1064 మీటర్లు. ఓపిక ఉన్నవాళ్ళు అదీ ఎక్కుతారు, కానీ అది వేరే దారి, వేరే రోజు పెట్టుకుంటే మంచిది.

పైకి చూస్తూ నడవండి. నల్ల రాబందులు తిరుగుతుంటాయి, రెండున్నర మీటర్లు దాటిన రెక్కలు, ఒక్కసారి కూడా ఆడించకుండా గాలి మీద తేలిపోతాయి. 1980ల మొదట్లో ఈ దీవి మీద 20 దాకా మాత్రమే మిగిలాయి, విషపు ఎరలే ముఖ్య కారణం. తర్వాత పట్టుబట్టి కాపాడుకుంటూ వచ్చారు, ఇప్పుడు బాగానే పెరిగాయి. మన దగ్గర రాబందులు కళ్ళముందే మాయమవడం చూసినవాళ్ళం కాబట్టి ఆ మాట విన్నప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

చాలామంది ఇక్కడ ఫోటోలు తీసుకుని, అసలు నడక అయిపోయిందనుకుని, మిగతా దారి గబగబా దిగేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఈ చుట్టులో సగం ఒక దొర కళ్ళ కోసం వేసిన దారైతే, రెండో సగం పొట్ట కోసం కొండెక్కినవాళ్ళ దారి. కైరాట్స్ లోయలోకి దిగే ఆ రెండో సగంలోనే నేను ఎక్కువసేపు నిలబడిపోయాను.

దిగడం మొదలుపెట్టాక ముందు కనిపించేది మంచు ఇల్లు. ఇల్లంటే ఇల్లు కాదు, నేలలోకి తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి కట్టిన లోతైన గొయ్యి. మధ్యధరా దీవిలో మంచేమిటి అనుకోకండి, చలికాలంలో ఈ ఎత్తున మంచు పడుతుంది. పడిన వెంటనే కింద ఊళ్ళ నుంచి మనుషులు ఎక్కివచ్చి, మంచంతా పారలతో పోగుచేసి గోతిలో పోసి, కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిపరిచేవారు. పొర పొరకూ మధ్య కార్రిచ్ అనే పొడుగాటి కొండగడ్డి పరిచేవారు, నిండాక పైన మందంగా కప్పేసేవారు. ఎండాకాలం వచ్చాక దాన్ని దిమ్మలుగా కోసి, రాత్రిపూట, ఎండ తగలకుండా, కంచరగాడిదల మీద పాల్మాకు దింపేవారు. పట్నంలో అది చల్లటి తినుబండారాలకూ, జ్వరం వచ్చినవాళ్ళకు వైద్యానికీ పోయేది. ఐస్ ఫ్యాక్టరీలు వచ్చాక, ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలో, ఈ పని ఆగిపోయింది. గొయ్యి అంచున నిలబడి చూడండి ఒకసారి. గడ్డకట్టే చలిలో, తడి కాళ్ళతో, దాని అడుగున గంటల తరబడి మంచు తొక్కినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇంకా దిగితే మళ్ళీ అల్జీనా అడవి, అడవిలో అక్కడక్కడా గుండ్రటి చదును తావులు, అంచుకు రాళ్ళు, పైన పచ్చగా నాచు పట్టి ఉంటుంది. ఎవరూ చెప్పకపోతే దాటి వెళ్ళిపోతాం. అవి బొగ్గు కాల్చిన తావులు, సీజ అంటారు. నరికిన కొమ్మలను మధ్యలో పొగ గొట్టానికి ఖాళీ వదిలి నిలువుగా పేర్చి, బోర్లించిన గంప ఆకారం వచ్చాక ఆకులూ మట్టీ కప్పి, నిప్పు పెట్టేవారు. అది మండకూడదు, లోపల్లోపల కుమలాలి. పది రోజుల దాకా పట్టేది. కప్పు ఎక్కడ పగిలినా గాలి లోపలికి పోయి కట్టె మొత్తం బూడిదయిపోతుంది కాబట్టి రాత్రనకా పగలనకా కాపలా ఉండాల్సిందే. పొగ తెల్లగా వస్తుంటే ఇంకా తడి ఉన్నట్టు, పలచబడి నీలంగా మారితే పని అయిపోయినట్టు. అందుకే ఆ రోజుల్లో బొగ్గు కాల్చేవాళ్ళు పెళ్ళాం బిడ్డలతో సహా కొండ మీదికి వచ్చేసి, పక్కనే రాతి గోడల మీద గడ్డి కప్పిన గుడిసెల్లో కాపురం పెట్టేవారు. రొట్టె కాల్చుకునే చిన్న పొయ్యిలు ఇంకా ఉన్నాయి. ఊరికి రోజూ దిగడం ఎక్కడ కుదురుతుంది మరి? తర్వాత ఇళ్ళల్లోకి గ్యాస్ సిలిండర్ వచ్చాక, 1950, 60ల్లో, కొండ ఖాళీ అయిపోయింది.

సున్నపు బట్టీ కూడా ఉంది దారిలో. మన పల్లెల్లో పాత సున్నపు బట్టీలు చూసిన పెద్దవాళ్ళయితే చూడగానే పోల్చుకుంటారు, కొండరాయి పేర్చి, కింద రోజుల తరబడి మంట పెట్టి కాల్చడం అక్కడా అంతే. గోడలకు పూసే తెల్ల సున్నం అందులోంచి వచ్చిందే. పాత బట్టీ గోతిలో ఇప్పుడు చెట్లు మొలిచాయి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ఏప్రిల్, మే గానీ అక్టోబరు గానీ మంచిది. జూలై, ఆగస్టులో శిఖరం బాట మీద నీడ ఉండదు, వడదెబ్బ తగులుతుంది. చలికాలంలో గాలి మనిషిని తోసేస్తుంది, పొగమంచు దిగితే అంచు ఎక్కడుందో తెలియదు, అలాంటి రోజు పైకి పోవద్దు. సున్నపురాయి తడిస్తే విపరీతంగా జారుతుంది, అందుకని చెప్పులతో కాదు, అడుగు పట్టుండే బూట్లతో వెళ్ళండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళకు తగ్గొద్దు. దిగేటప్పుడు లోయలో ఒక ఊట ఉంది గానీ ఎండాకాలంలో దాన్ని నమ్ముకోవడానికి లేదు. ఈ కొండలో కొంత ప్రైవేటు భూమి, కొన్ని భాగాలకు రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టి ముందుగా అనుమతి అడుగుతున్నారు. అది కొందరికి చికాకు తెప్పిస్తుంది గానీ నేను దాన్ని సమర్థిస్తాను, ఆ బాట రాళ్ళు ఇప్పటికే చాలాచోట్ల ఊడిపోతున్నాయి. అడ్డదారులు తొక్కకండి, గోడల మీదెక్కి ఫోటోలు దిగకండి, ఒక్క రాయి జారితే దాని పైన వరస మొత్తం వదులవుతుంది. గేటు మూసి ఉంటే తీసి దాటి, మళ్ళీ మూయండి.

నేను చెప్పిన వరసలోనే, అంటే ముందు శిఖరం, తర్వాత కైరాట్స్ లోయ, ఇలాగే వెళ్ళండి. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఊళ్ళో ఉంటారు. అక్కడ బేకరీల్లో బంగాళదుంపతో చేసే మెత్తటి తీపి బన్ను ఒకటి దొరుకుతుంది, కోకా దె పతాతా అని అడగండి, ఆ ఊరి ప్రత్యేకం. పాల్మాకు తిరుగు బస్సుల టైము మాత్రం పొద్దున దిగినప్పుడే చూసి పెట్టుకోండి, సాయంత్రం అయ్యేసరికి స్టాపులో జనం బారులు తీరి ఉంటారు.

సెలవు. నమస్కారం.