4,29,49,67,297: ఫెర్మా నమ్మకాన్ని వమ్ము చేసిన 641

[తెరపై: 4,29,49,67,297 = 2³² + 1]

నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. ముప్పై రెండు రెండ్లను గుణించి, వచ్చిన లబ్ధానికి 1 కలిపితే ఈ సంఖ్య వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా 1640 నాటికే నమ్మాడు.

[తెరపై: 3, 5, 17, 257, 65,537]

ఆ నమ్మకం గాలిలోంచి పుట్టినది కాదు. 2 ఘాతాంకాన్ని 1, 2, 4, 8, 16గా రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ 1 కలిపితే వచ్చే ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరవది మన సంఖ్య. 1729లో గణితవేత్త గోల్డ్‌బాక్ ఒక లేఖలో ఫెర్మా నమ్మకాన్ని మరో గణితవేత్త ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో ఆయిలర్ దీనిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని ప్రకటించాడు.

[తెరపై: 641 × 67,00,417]

641 గుడ్డిగా వెతికితే దొరికినది కాదు. ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తుందనుకుందాం. దానితో 2³²ను భాగిస్తే −1 (అంటే 1 కలిపితే నిశ్శేషంగా భాగమవుతుంది), 2⁶⁴ను భాగిస్తే 1 శేషంగా వస్తాయి. అంతకంటే చిన్న ఘాతం దేనికీ 1 శేషం రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతాంకానికి 2ను హెచ్చించినా శేషం 1 కావాలి కనుక, ఆ ఘాతాంకం 64కు గుణిజమై తీరాలి. అంటే 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలను మాత్రమే పరీక్షిస్తే చాలు: 193, 257, 449, 577, 641.

భాగాహారం చేయకుండానే సరిచూసే దారి మరొకటి ఉంది, నాకు ఇదే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది.

[తెరపై: 641 = 5 × 2⁷ + 1 = 5⁴ + 2⁴]

మొదటి రూపం ప్రకారం 5 × 2⁷కు 641తో శేషం −1. దానిని నాలుగవ ఘాతానికి హెచ్చిస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండవ రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ రాయవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది. కనుక 2³² + 1ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

ఈ సంఖ్య తన గుట్టును అంత సులభంగా బయటపెట్టదు. చిన్న సిద్ధాంతాన్నే పరీక్షగా వాడి, ఆధారంగా (ఘాతానికి హెచ్చించే సంఖ్యగా) 2ను తీసుకుంటే, ఇది ప్రధాన సంఖ్యలాగే శేషం 1 చూపిస్తుంది. 3ను ఆధారంగా తీసుకున్నప్పుడే దొరికిపోతుంది.

విచిత్రం ఏమిటంటే, 1640లోనే ఫెర్మా 2³⁷ − 1కు 223 కారణాంకమని ఇదే తరహా వడపోతతో కనుగొన్నాడు. ఆ జల్లెడలోనే ఈ సంఖ్యనూ వేసి ఉంటే, ఐదవ భాగాహారంలో 641 ఆయన చేతికే చిక్కేది.