జర్మనీకి మిర్చి పంపితే చట్టం ఎవరిది? ఇంటర్నేషనల్ బిజినెస్ లా ఎల్ఎల్ఎంలో అసలు ఏం చదువుతారు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను విదేశాల్లో ఎల్ఎల్ఎం, అంటే లా పీజీ, అవకాశాల మీద మాట్లాడమన్నారు, అవకాశాలేంటో కన్సల్టెన్సీల వాళ్ళు మీకు రోజూ ఫోన్ చేసి చెప్తూనే ఉంటారు కాబట్టి ఆ క్లాసులో కూర్చుంటే ఏం చదువుతారో నేను అది చెప్తా.

గుంటూరు యార్డు మీకు పక్కనే కదా. ఇక్కడి ఎక్స్‌పోర్టర్ ఒకాయన హాంబర్గ్‌లో పార్టీకి మిర్చి పంపాడనుకోండి. కాంట్రాక్టు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో జర్మనీ చట్టం వర్తిస్తుందని ఉంది, ఈయన రేటు, డేటు చూసుకుని సంతకం పెట్టేశాడు. సరుకు దిగాక అక్కడి ల్యాబ్‌లో పురుగుమందు లిమిట్ దాటిందన్నారు, డబ్బు ఆపేశారు. ఇప్పుడు ఏ చట్టం? జర్మన్ సివిల్ కోడ్ అంటారు మీరు. నేరుగా అది కాదు! 1980లో వియన్నాలో సరుకుల అమ్మకాల మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, సీఐఎస్‌జీ అంటాం, జర్మనీ అందులో ఉంది, కాంట్రాక్టులో అది వద్దని రాసుకోకపోతే ఇలాంటి అమ్మకానికి జర్మనీ చట్టం అంటే ముందు అదే. ఇండియా అందులో చేరలేదు, బ్రిటన్ కూడా చేరలేదు, అయినా మన మిర్చి ఆయన దాని కిందకి వచ్చేశాడు.

సరే, మరి డబ్బు వస్తుందా? 1995లో జర్మనీ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పొకటి ఈ కోర్సు ఎక్కడ చదివినా తగులుతుంది. స్విట్జర్లాండ్ వ్యాపారి న్యూజిలాండ్ మసెల్స్, అంటే మన ఆల్చిప్పల్లాంటివే, జర్మనీ ఆయనకి అమ్మాడు, వాటిలో కాడ్మియం అక్కడి ఆరోగ్య శాఖ చెప్పిన లెవల్ దాటింది, కొన్నాయన డబ్బివ్వనన్నాడు. అమ్మినాయనే గెలిచాడు. కొనేవాడి దేశంలో రూల్సేంటో అమ్మేవాడు మామూలుగా తెలుసుకోనక్కర్లేదు, కొనేవాడు ముందే చెప్పుంటేనో, రెండు దేశాల్లో అదే రూలు ఉంటేనో, ఆ రూలు అతనికి తెలిసుండాల్సిన ప్రత్యేక పరిస్థితి ఉంటేనో తప్ప. మరి మనాయన ఏళ్ళ తరబడి యూరప్‌కే పంపుతున్నాడు, నాకు తెలీదండీ అంటే నిలబడుతుందా? నాకైతే నిలబడదనే అనిపిస్తుంది, మా ప్రొఫెసర్ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

తర్వాత సగం కోర్సు ఆర్బిట్రేషనే, అంటే కోర్టుకి వెళ్ళకుండా ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తితో తీర్పు చెప్పించుకోవడం. జర్మనీ కోర్టు తీర్పు తెచ్చి ఇక్కడ నేరుగా అమలు చేయమంటే కుదరదు, దాని మీద మళ్ళీ దావా వేయాలి, ఎందుకంటే మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 44ఏ కింద మన వాళ్ళు నోటిఫై చేసిన దేశాల్లో జర్మనీ లేదు. అదే ఆర్బిట్రేషన్ అవార్డైతే, అంటే ఆ మధ్యవర్తి ఇచ్చిన తీర్పైతే, దాన్ని వేరే దేశంలో అమలు చేయించుకోవడానికి 1958 న్యూయార్క్ కన్వెన్షన్ ఉంది, ఇండియా 1960లోనే చేరింది. అందుకే పెద్ద పార్టీలు చాలావరకు కాంట్రాక్టులో ఆర్బిట్రేషన్ సింగపూర్‌లోనో లండన్‌లోనో అని రాసుకుంటాయి, హైదరాబాద్‌లో కూడా 2021లో ఒక ఆర్బిట్రేషన్ సెంటర్ మొదలైంది.

డిగ్రీ సంగతికొస్తే, బ్రిటన్‌లో ఏడాది ఎల్ఎల్ఎం చేసినంత మాత్రాన అక్కడ లాయర్ అయిపోరు, సొలిసిటర్ అవ్వాలంటే పరీక్షలు వేరే. ఇది చాలామందికి ఫీజు కట్టాక తెలుస్తుంది. యూనివర్సిటీ ర్యాంకు కాదు, ఈ ఏడాది ఏ సబ్జెక్టులు నడుస్తున్నాయి, ఎవరు చెప్తున్నారు అని చూడండి. వీలైతే రెండేళ్ళు ఎక్కడైనా కాంట్రాక్టులు రాసి వెళ్ళండి, బ్యాంకులో ఎల్‌సీ, అంటే కొనేవాడి తరఫున డబ్బిస్తామని బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్, ఒక్కసారి కూడా చూడకుండా వెళ్తే సగం క్లాసు తల మీంచి పోతుంది. అంతదాకా ఆగలేకపోతే ఏటా ఈస్టర్‌ ముందు వియన్నాలో జరిగే విస్ మూట్, అంటే లా స్టూడెంట్స్ ఉత్తుత్తి ఆర్బిట్రేషన్ కేసు వాదించే పోటీ, దాని పాత ప్రాబ్లమ్స్ ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉన్నాయి, ఒకటి తీసుకుని రెండు వైపులా వాదన రాయండి.

ఇక ప్రశ్నలు అడగండి, వీసా గురించి తప్ప.