తెలిసినంత వరకే చెప్పేవాళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుమల ఘాట్ రోడ్డులో రోజూ వేలమంది ఒక గీత పక్కగా వెళ్తుంటారు. ఆగి చూసేవాళ్లు తక్కువ. కొండ చరియలో కింద గ్రానైటు జాతి రాయి, దాని మీద పొరలుపొరలుగా క్వార్ట్‌జైట్ రాయి, ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. కానీ కింది రాయి పుట్టిన కాలానికీ, పై రాయి ఇసుకగా పేరుకోవడం మొదలైన కాలానికీ మధ్య సుమారు 50 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూవిజ్ఞానులు లెక్కగట్టారు. ఆ కాలమంతా ఇక్కడ ఏం జరిగిందో చెప్పే రాయి ఈ కొండలో లేదు. ఉన్నదంతా కోసుకుపోయింది. ఈ చోటును జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. నాకు ఇందులో ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. సాక్ష్యం లేని కాలాన్ని ఊహలతో నింపకుండా, ఇదిగో ఇక్కడ ఇంత లేదు అని వేలుపెట్టి చూపించారు. స్మారకంగా నిలబెట్టుకున్నది ఆ లేకపోవడాన్నే.

మనిషి తెలివికి హద్దుందంటే మనకు ఎందుకో చిన్నతనంగా ఉంటుంది. హద్దు ఎక్కడుందో కనిపెట్టడానికి ఎంత చదువు కావాలో మనం ఆలోచించం.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడి వాతావరణ పరిశోధనశాలలో 1024 యాంటెనాలు బారులు తీరి ఉంటాయి. ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే అతి సన్నటి ప్రతిధ్వనిని బట్టి పైన గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో కొలుస్తారు. ఇంత కొలిచినా, నెల తర్వాత ఫలానా రోజు వాన పడుతుందా అని అడిగితే శాస్త్రం చెప్పలేదు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో ఒకసారి వేసిన వాతావరణం లెక్కనే మళ్లీ వేస్తూ 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని కొట్టాడు. తేడా రవ్వంతే. లెక్క ముందుకు పోయేకొద్దీ వచ్చిన వాతావరణం మాత్రం పూర్తిగా వేరే అయిపోయింది. గాలినీ తేమనీ పొల్లుపోకుండా కొలవడం ఎవరి తరమూ కాదు కాబట్టి, రోజువారీ వాతావరణాన్ని ముందుగా చెప్పడానికి సుమారు రెండు వారాలే హద్దు అని తర్వాత తేలింది. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. ఘాట్ రోడ్లు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి. భారీ వర్షమని చెప్పడం వరకు హెచ్చరికకు సాధ్యం. ఏ వీధిలో ఏ గడపదాకా నీళ్లొస్తాయో చెప్పడం సాధ్యం కాదు. అందుకని వాతావరణం చెప్పేవాళ్లకేం తెలుసులే అని తీసిపారేస్తే నష్టపోయేది మనమే.

ఇక బోర్ల సంగతి. చిత్తూరు పడమటి మండలాల రైతులకు నేను చెప్పనక్కర్లేదు. రిగ్గు బండి చేలోకి వచ్చిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదికీ టెన్షనే. మూడొందల అడుగులు, ఆరొందలు, కొన్ని ఊళ్లలో వెయ్యి దాటినా తెల్లటి దుమ్మే లేస్తుంటుంది. అడుగుకింతని లెక్క పెరుగుతూ ఉంటుంది. ఆ డబ్బు ఎన్నో ఇళ్లలో నగలు తాకట్టు పెట్టి తెచ్చింది.

బోరు ఎక్కడ వేయాలో పాయింట్ చూపించేవాళ్లు రెండు రకాలు. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తాడు. అది లేచి నిలబడిన చోట ఆగి, "ఇక్కడే, రెండొందల యాభైలో రెండించుల నీళ్లు, రాసిపెట్టుకో" అంటాడు. రెండో ఆయన జియాలజిస్టు. సగం పూట కొలిచి, "ఇక్కడ అవకాశం ఉందన్నా. గ్యారంటీ అయితే ఇవ్వలేను" అంటాడు.

ఆయన ఎందుకు ఇవ్వలేడు? మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది పైన మెత్తబడిన రాతిపొరలోనూ, దాని కింద పగుళ్లలోనూ. బోరు రంధ్రం ఏడెనిమిది అంగుళాలైనా ఉండదు. పగులు నాలుగడుగులు పక్కకు జరిగితే బోరుకు తగలదు. అందుకే గట్టుకు ఇవతల నీళ్లు పడి, అవతల దుమ్ము లేస్తుంది. ఆయన నేలలో కడ్డీలు దిగ్గొట్టి, కరెంటు పంపి, రాయి దాన్ని ఎంత అడ్డుకుంటోందో కొలుస్తాడు. తడి ఉన్నచోట అడ్డు తక్కువ. చిక్కేమిటంటే బంకమట్టి ఉన్నచోటా అడ్డు తక్కువే. లోతుకు పోయేకొద్దీ సన్నటి పగులు కొలతకు అందదు. ఇవన్నీ తెలిసినవాడు కాబట్టే గ్యారంటీ లేదంటున్నాడు. టెంకాయ లేచినచోట నీళ్లుంటాయని ఏ సరైన పరీక్షలోనూ రుజువు కాలేదు. ఇద్దరినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు.

కానీ మనం ఏం చేస్తాం? గ్యారంటీ అన్నవాడి వెంట పోతాం. జ్వరమొచ్చిన రెండో రోజు డాక్టరు, "టైఫాయిడ్ అవునో కాదో వైడల్ పరీక్షలో ఇప్పుడే తేలదు, ఆగుదాం" అంటే, ఈయనకేమీ తెలీదని ఆసుపత్రి మారుస్తాం. మొదటి వారంలో ఆ పరీక్షను నమ్మలేమన్నది నిజం. ఆ నిజం చెప్పినందుకు ఆయన పేషెంటును పోగొట్టుకుంటాడు. రేపు ఇంకొకరికి అదే నిజం చెప్పాలంటే ఆయనకెంత ధైర్యం కావాలి! నిజాయితీపరులతో మనమే అబద్ధాలు చెప్పిస్తున్నామని నా బాధ.

కొందరు రైతులు జియాలజిస్టును వేరే మాట అడుగుతారు. నీళ్లు పడతాయా అని కాదు, "ఎన్ని అడుగుల దాకా చూసి ఆపేద్దాం సార్?" అని. దానికి ఆయన దగ్గర జవాబుంటుంది. ఆ లోతును కాగితం మీద రాసుకుని, రిగ్గు వాళ్లకు ముందే చెప్పి, డబ్బులు అంతవరకే పక్కన పెట్టుకుంటారు.