ఎవరూ తాకకుండానే మోకాలు ఎందుకు పోతుంది?

నమస్తే అండి. ఈ వీడియో ఆటలాడే పిల్లలు, ముఖ్యంగా వాళ్ళని ఆడించే పీఈటీ సార్లు చూడాలని నా కోరిక.

మా బాబాయి కొడుకు కబడ్డీ ఆడతాడు. మొన్న సంక్రాంతికి కావలి దగ్గర ఒక ఊళ్ళో పోటీలు పెడితే వెళ్ళాడు. కూతకెళ్ళి, ఒకణ్ణి తాకి వెనక్కి వస్తున్నాడు. ఇంకో రెండడుగులేస్తే గీత. అంతలో టప్‌మని శబ్దం, మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఒంటిమీద ఒక్కరి చెయ్యి పడలేదు. ఊళ్ళో దిష్టి తగిలిందన్నారు. స్కానింగ్‌లో ఏసీఎల్ తెగిందని తేలింది. తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి, కింది ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచే లిగమెంట్ అది.

ఇదిగో, ఒక కుర్రాడు ఫోన్‌లో తీసిన వీడియో. ఇక్కడ ఆపుతున్నాను, తల చూడండి. భుజం మీదుగా వెనక్కి తిరిగుంది. చూపంతా తరుముకొస్తున్నవాడి మీదే. ఎడమ కాలు దాదాపు నిటారుగా నేలకి ఆనింది. ఆ వెంటనే మోకాలు లోపలికి ఒరిగింది.

ఏసీఎల్ గాయాల్లో ఎక్కువ భాగం ఇలా ఎవరూ గుద్దకుండా జరిగేవే. బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడే అమ్మాయిల గాయాల వీడియోలు 10 తీసుకుని లెక్కకట్టిన పరిశోధన 2010లో వచ్చింది. పాదం నేలని తాకిన సుమారు 40 మిల్లీసెకన్లకే లిగమెంట్ తెగుతోందని అంచనా వేశారు. కంటికి కనబడినదానికి మనం స్పందించడానికే 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే కాలు ఆనాక సర్దుకునే టైమ్ లేదు. ఎలా ఆనాలో మెదడు గాల్లో ఉండగానే నిర్ణయించుకోవాలి. కళ్ళూ ధ్యాసా ప్రత్యర్థి మీదే ఉంటే ఆ పని సగంలో ఆగిపోతుంది.

2007లో అమెరికాలో అచ్చయిన ఇంకో పరిశోధన నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇలా మోకాలు పోయిన 80 మంది కాలేజీ క్రీడాకారులకి గాయానికి ముందే, మెదడు చురుకుదనాన్ని కంప్యూటర్ మీద కొలిచే పరీక్షలు జరిగి ఉన్నాయి. గాయపడని 80 మందితో పోలిస్తే వీళ్ళు స్పందించడంలో నెమ్మది, చూసినదాన్ని గుర్తుపెట్టుకోవడంలోనూ వెనకబడ్డారు. కళ్ళద్దాలు పెట్టుకుంటే సరిపోయే సంగతి కాదిది. చూసినదాన్ని మెదడు ఎంత త్వరగా అందుకుంటుందన్నది ఇక్కడ లెక్క.

ఆపరేషన్ తర్వాత ఇంకో చిక్కు. తెగిన లిగమెంట్‌లో మోకాలు ఎక్కడుందో మెదడుకి చెప్పే నరాల కొసలు కూడా ఉంటాయి. అవి పోయాక మెదడు చూపు మీద ఎక్కువ ఆధారపడుతుందని మెదడు స్కాన్‌లలో కనిపించింది. మా తమ్ముడు మొదట్లో మెట్టెక్కినా మోకాలినే చూసుకునేవాడు. మైదానంలో అలా కుదరదు కదా!

మన దగ్గర ప్రాక్టీస్ అంటే కోన్‌లు పెట్టి వాటి చుట్టూ పరిగెత్తించడం. ఎటు తిరగాలో ముందే తెలుసు. సార్, దయచేసి ఇది మార్చండి. దూకి దిగేటప్పుడు ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించండి, ఎన్నో చెప్పమనండి. ఎటు తిరగాలో చివరి క్షణంలో చెయ్యి ఊపి చూపించండి. ఆపరేషన్ అయినవాళ్ళకైతే ఫిజియో సరేనన్నాకే.

మా తమ్ముడికి ఆపరేషన్ అయ్యి ఏడో నెల. ఫిజియో ఒప్పుకున్నాక సాయంత్రాలు నేనే వేళ్ళు చూపిస్తున్నాను. నిన్న పదిసార్లు దూకితే మూడుసార్లు లెక్క తప్పు చెప్పాడు. మోకాలు మాత్రం ఒక్కసారి కూడా లోపలికి పోలేదు.