తిట్టుకోవడానికి అంపైర్ లేని ఆట

అందరికీ నమస్తే. ఈరోజు గొడవల గురించే మాట్లాడదాం. కానీ ముందు గొడవే లేని ఒక్క నిమిషం ఆట గురించి చెప్పనివ్వండి.

2023 జనవరి 3. లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్. డార్ట్స్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. నెదర్లాండ్స్‌కు చెందిన మైఖేల్ వాన్ గెర్వెన్ ఒకవైపు, ఇంగ్లండ్ ఆటగాడు మైఖేల్ స్మిత్ ఇంకోవైపు. ఈ ఆట ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చెరో 501తో మొదలుపెడతారు. వంతుకు మూడు డార్టులు. పడిన పాయింట్లు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి. ఆఖరి డార్టు మాత్రం డబుల్ గడిలోనే, అంటే బోర్డు అంచున అంకెకు రెట్టింపు ఇచ్చే సన్నటి గడిలోనే పడాలి. దీన్ని లెగ్ అంటారు. ఎంత గొప్పగా ఆడినా లెగ్ ముగియడానికి కనీసం తొమ్మిది డార్టులు కావాలి. తొమ్మిదింటిలో ఒక్కటి గురి తప్పినా అంతే సంగతులు.

వాన్ గెర్వెన్ ముందు విసిరాడు. మూడూ ట్రెబుల్ 20లో, అంటే 20కి మూడింతలు ఇచ్చే గడిలో. 180. స్మిత్ కూడా 180. వాన్ గెర్వెన్ మళ్ళీ 180. స్మిత్ మళ్ళీ 180. ఇద్దరికీ మిగిలింది 141. వాన్ గెర్వెన్ వచ్చి ట్రెబుల్ 20 కొట్టాడు, ట్రెబుల్ 19 కొట్టాడు. ఎనిమిది డార్టులు, ఎనిమిదీ అక్షరాలా అనుకున్నచోటే. తొమ్మిదోది డబుల్ 12కి విసిరాడు. తప్పింది, కాస్తలో. పక్కకు జరిగాడు. అప్పుడు స్మిత్ వచ్చాడు. అవే మూడు గురులు. ట్రెబుల్ 20, ట్రెబుల్ 19, డబుల్ 12. మూడూ పడ్డాయి.

ఆ లెగ్‌లో మొత్తం 18 డార్టులు విసిరితే 17 గురి తప్పలేదు. తప్పిన ఆ ఒక్కటి ఎవరిదో, వాడే లెగ్ ఓడిపోయాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ ఒక్క డార్టు తప్పినందుకు వాన్ గెర్వెన్ అభిమాని ఎవరిని తిట్టుకోవాలి? రిఫరీనా? ఆయన స్కోరు చదివే మనిషి. వాతావరణమా? అది నాలుగు గోడల మధ్య ఆట. పిచ్ కాదు, టాస్ కాదు, టీమ్ సెలక్షన్ కాదు. డార్టు తీగకి ఇటు ఉందా, అటు ఉందా, అంతే. క్రికెట్, ఫుట్‌బాల్ చూసి చూసి పెరిగిన నాలాంటివాడికి ఇది మొదట్లో చాలా వెలితిగా అనిపించింది. మ్యాచ్ అయిపోయింది, మనవాడు ఓడాడు, కడుపు మండుతోంది, కానీ ఆ మంట ఎవరిమీద పొయ్యాలో తెలియదు!

అభిమానుల అభిప్రాయాలు అని మనం అనేవాటిలో సగం నిజానికి ఆట గురించి కావు. తీర్పు గురించి. ఆ తీర్పు మనిషి చేతిలో ఎంతుంటే గొడవ అంత ఉంటుంది. మూడు ఆటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అది బాగా తెలుస్తుంది.

క్రికెట్‌లో అంపైర్స్ కాల్ తీసుకోండి. టీవీ ముందు కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ జరిగే ఉంటుంది. ఎల్‌బీడబ్ల్యూ అప్పీలు. అంపైర్ నాటౌట్ అన్నాడు. బౌలింగ్ జట్టు రివ్యూ కోరింది. తెరమీద ఆ బంతి బొమ్మ వెళ్ళి లెగ్ స్టంప్‌ను రాసుకుంటూ పోయింది. మనం "తగిలింది, తగిలింది" అని లేచి నిలబడ్డాం. తీర్పు మాత్రం నాటౌట్. ఎందుకంటే అంపైర్ నాటౌట్ ఇచ్చినప్పుడు దాన్ని మార్చాలంటే బంతిలో కనీసం సగం వికెట్ల హద్దులో పడాలి. అదే బంతికి అంపైర్ వేలెత్తి ఉంటే? రాసుకుపోయినా ఔటే. ఒకే బంతి, ఒకే గీత, రెండు తీర్పులు. కోహ్లీ కెప్టెన్‌గా ఉన్నప్పుడే 2021లో దీనివల్ల చాలా గందరగోళం వస్తోందని బయటికే అన్నాడు. బంతి స్టంప్స్‌కు తగులుతోందంటే ఔట్ ఇచ్చెయ్యాలన్నది చాలామంది అభిమానుల వాదన.

నేను ఇక్కడ ఎదురు పక్షం. తిట్టాలనుకుంటే తిట్టండి. మనం ఒకటి మర్చిపోతాం. ఆ బంతి స్టంప్స్ దాకా వెళ్ళనేలేదు. ప్యాడ్ దగ్గరే ఆగిపోయింది. తెరమీద మనం చూసేది జరిగింది కాదు, ప్యాడ్ అడ్డం లేకపోతే ఏం జరిగి ఉండేదో ఒక అంచనా. కెమెరాలు ఎన్ని పెట్టినా అంచనా అంచనానే. అందులో కాస్త తేడా ఉండొచ్చు కాబట్టే అంచుమీద ఉన్నప్పుడు మైదానంలోని మనిషి మాటకి విలువిచ్చారు. నాకైతే ఇది న్యాయంగానే ఉంది. అయితే ఇదే మాట మనవాళ్ళు బౌలింగ్ చేస్తున్నప్పుడు నా నోట వస్తుందా అంటే, అబ్బే, రాదు. అప్పుడు నేనూ లేచి నిలబడేవాణ్ణే.

మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, డీఆర్‌ఎస్, అంటే ఈ రివ్యూ పద్ధతి, వచ్చిన కొత్తల్లో ఏళ్ళ తరబడి వద్దన్నది భారత బోర్డే. 2016 చివర్లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు గానీ స్వదేశీ టెస్టుల్లో దాన్ని వాడలేదు. ఇప్పుడు రివ్యూలు అయిపోతే మనకు ఊపిరాడదు.

ఇక 2019 జులై 14, లార్డ్స్. వన్డే ప్రపంచకప్ ఫైనల్. ఇంగ్లండ్ 241, న్యూజిలాండ్ 241. సూపర్ ఓవర్‌లో ఇద్దరూ 15. చివరికి బౌండరీలు లెక్కపెట్టారు. 26 కొట్టిన ఇంగ్లండ్‌కి కప్పు, 17 కొట్టిన న్యూజిలాండ్‌కి చప్పట్లు. ఆ ఆఖరి ఓవర్లో న్యూజిలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన త్రో డైవ్ చేస్తున్న ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోవడం, ఆరు పరుగులివ్వడం, అది నిబంధన ప్రకారం ఐదే అని తర్వాత మాజీ అంపైర్ సైమన్ టౌఫెల్ చెప్పడం... దానిమీద ఇంకో పూట మాట్లాడొచ్చు. నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఆ బౌండరీల లెక్క. ఆ నిబంధన ముందునుంచీ కాగితం మీద ఉంది. ఒక్క అభిమానీ దాన్ని తప్పుపట్టిన గుర్తు లేదు నాకు. కప్పు పోయాకే అది దారుణం అయింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఐసీసీ దాన్ని తీసేసి, ఫలితం తేలేదాకా సూపర్ ఓవర్లు ఆడాలంది. అంటే అరిస్తే ఫలితం ఉంటుందన్నమాట, కాకపోతే అరిచినవాడికి కాదు, తర్వాత వచ్చేవాడికి.

మన్కడింగ్ గురించి రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. బౌలర్ చెయ్యి తిప్పకముందే నాన్ స్ట్రైకర్ క్రీజు దాటితే రనౌట్ చెయ్యొచ్చు. 1947లో సిడ్నీలో వినూ మన్కడ్ బిల్ బ్రౌన్‌ను చేశాడు, 2022లో లార్డ్స్‌లో దీప్తి శర్మ చార్లీ డీన్‌ను చేసింది. 75 ఏళ్ళైనా అదే గోల. అదే 2022లో క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ దీన్ని "అన్యాయమైన ఆట" అనే విభాగంలోంచి తీసి మామూలు రనౌట్‌లో కలిపేసింది. నా ఓటు బౌలర్‌కే. క్రీజులో ఉండమనండి, ఎవరొద్దన్నారు?

ఫుట్‌బాల్ దగ్గరికి వస్తే కథ ఇంకా ముదురుతుంది. ఫుట్‌బాల్ అభిమాని ఏళ్ళ తరబడి టెక్నాలజీ కావాలని మొత్తుకున్నాడు. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కి తగిలి గీత దాటి ఎంత లోపల పడిందో ప్రపంచమంతా చూసింది, ఆ రిఫరీ, లైన్స్‌మన్ తప్ప. ఆ తర్వాతే గోల్ లైన్ టెక్నాలజీ వచ్చింది. రిఫరీ చేతి గడియారం మోగుతుంది, గోల్. మోగలేదు, కాదు. ఈ ఒక్కదాని మీద ఇప్పుడు గొడవపడేవాళ్ళు చాలా అరుదు. ఎందుకో గమనించారా? అది అచ్చం డార్ట్స్‌లాంటిది. గీతకు ఇటా, అటా.

వార్ అలా కాదు. అదేనండీ, వీడియో అసిస్టెంట్ రిఫరీ. 2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. స్కోరు 0-0. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు, అంటే గోల్ చెల్లదని. వీడియో గదిలో ఉన్నవాళ్ళు గీతలు గీసి చూశారు, డియాజ్ ఆన్‌సైడ్. అంటే గోల్ ఇవ్వాలి. కానీ ఆ గదిలో ఉన్నాయన మైదానంలో గోల్ ఇచ్చేశారనే భ్రమలో ఉన్నాడు. అందుకని "చెక్ కంప్లీట్" అనేశాడు. మైదానంలోని రిఫరీకి అది ఎలా వినపడింది? మీ ఆఫ్‌సైడ్ కరెక్టే అని. ఫ్రీ కిక్ కొట్టేశారు, ఆట మొదలైపోయింది. అప్పుడు గదిలో ఒకరికి విషయం వెలిగింది. కానీ ఆట మళ్ళీ మొదలయ్యాక వెనక్కి వెళ్ళే వీల్లేదు నిబంధనల్లో. ఆ మాటల ఆడియో తర్వాత బయటపెట్టారు. వింటుంటే మనకే చెమటలు పడతాయి. లివర్‌పూల్ ఇద్దరు ఆటగాళ్ళను రెడ్ కార్డులకు పోగొట్టుకుని, ఆఖరి క్షణాల్లో సెల్ఫ్ గోల్‌తో 2-1తో ఓడింది. కోచ్ క్లాప్ అయితే మ్యాచ్ మళ్ళీ ఆడించాలన్నాడు.

చూశారా, గీతలు సరిగ్గానే గీశారు. టెక్నాలజీ తప్పులేదు. తప్పంతా రెండు మాటల దగ్గర జరిగింది.

తప్పులకంటే కూడా వార్ మీద అభిమానులకున్న అసలు కోపం వేరే. గోల్ పడగానే ఎగిరి గంతేసే ఆ క్షణం పోయింది. ఇప్పుడు గోల్ పడితే సగం గంతు వేసి, తలతిప్పి పెద్ద తెర వైపు చూడాలి. రెండు నిమిషాల తర్వాత గోల్ ఖాయమంటే అప్పుడు వేసే కేకలో ఆ ఊపు ఉండదు. ఈ విషయంలో నేను పూర్తిగా అభిమానుల పక్షం. అయినా 2024 జూన్‌లో వార్‌ను ఎత్తేద్దామని వుల్వ్స్ క్లబ్ ప్రీమియర్ లీగ్‌లో ప్రతిపాదన పెడితే ఓట్లెలా పడ్డాయో తెలుసా? 19-1. ఆ ఒక్కటీ వుల్వ్స్‌దే. స్టాండ్స్‌లో కూర్చున్నవాడి అభిప్రాయం, బోర్డు రూములో కూర్చున్నవాడి అభిప్రాయం ఎంత దూరమో చూడండి.

మరి డార్ట్స్‌లో గొడవే లేదా అంటే, ఉంది. రెండు రకాలు. మొదటిది పాతది: అసలు ఇది ఆటేనా? పరుగు లేదు, చెమట లేదు, బొజ్జలేసుకుని నిలబడి విసరడమేగా అంటారు. బ్రిటన్‌లో 2005లోనే దీన్ని అధికారికంగా క్రీడగా గుర్తించారు, ఆ వాదన అక్కడితో అయిపోవాలి. కాలేదు. అనేవాళ్ళకి నాదొక్కటే మాట. 2.37 మీటర్ల దూరంలో నిలబడండి. డబుల్ గడి వెడల్పు సుమారు 8 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలంత కూడా ఉండదు. 20కి గురిపెట్టి మూడు విసరండి. నేను విసిరాను. ఒకటి 5లో, ఒకటి 1లో, మూడోది గోడకి. 20కి అటూ ఇటూ 1, 5 పెట్టినవాడెవడో గానీ మనుషుల్ని బాగా చదివినవాడు. 17 ఏళ్ళ కుర్రాడు ల్యూక్ లిట్లర్ 2025 జనవరిలో ప్రపంచ చాంపియన్ అయ్యాడంటే, అదే వాన్ గెర్వెన్‌ను 7-3 సెట్లతో ఓడించి మరీ అయ్యాడంటే, ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రావడం లేదు.

రెండో గొడవ జనం గురించి. రిఫరీని తిట్టే వీల్లేని చోట అభిమానులు ఏం చేస్తారు? తామే ఆటలోకి దిగుతారు. నచ్చనివాడు డబుల్‌కి చెయ్యెత్తగానే ఈలలు. స్టేడియంలో పదకొండుమంది మీద పడే గోల వేరు, 8 మిల్లీమీటర్ల గురి మీద ఒక్కడు ఉన్నప్పుడు పడే ఈల వేరు. గెర్విన్ ప్రైస్ అని మాజీ ప్రపంచ చాంపియన్, వేల్స్ మనిషి, వెనకటికి రగ్బీ ఆడినవాడు. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ ఆటగాడు గాబ్రియెల్ క్లెమెన్స్‌తో ఆడుతూ, ఈలలు భరించలేక పెద్ద పెద్ద ఇయర్ డిఫెండర్లు తెచ్చి చెవులకి తగిలించుకున్నాడు. వేదిక మీద, కెమెరాల ముందు. జనం ఇంకా గోల చేశారు. 5-1తో ఓడిపోయాడు.

టికెట్ కొన్నాం, అరుస్తాం, తట్టుకోలేనివాడు ఆడొద్దు అనేది ఒక వర్గం. ఆ గోలే డార్ట్స్‌కి ప్రాణం అంటారు వాళ్ళు, అది నిజమే కూడా. 2019 డిసెంబర్‌లో ఫాలన్ షెరాక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మ్యాచ్ గెలిచిన తొలి మహిళ అయినప్పుడు ఆ హాలు ఆమెను మోసిన తీరు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ మనవాడికి చప్పట్లు కొట్టడం వేరు, ఎదుటివాడి చెయ్యి కదిలే సమయానికి ఈల వెయ్యడం వేరు. ఒక డార్టు అలా తప్పితే దానికి రివ్యూ ఉండదు. అంపైర్ తప్పు చేశాడని ఏళ్ళ తరబడి చెప్పుకుంటాం, మరి వెనక వరసలోంచి ఈల వేసినవాడి తప్పు ఏ లెక్కలో రాయాలి?

అన్నట్టు, ప్రైస్ చెవులు మూసుకున్నది జనవరి 1న. నేను మొదట చెప్పిన ఆ 18 డార్టుల లెగ్ జనవరి 3న. అదే హాలు, అదే వేదిక. వాన్ గెర్వెన్ తొమ్మిదో డార్టు నుంచి స్మిత్ తొమ్మిదో డార్టు దాకా నిమిషం కూడా పట్టదు. వెతికి చూడండి. సౌండ్ పెట్టుకుని చూడండి.