కాలిన వీధుల నుంచి కళ: వాట్స్ కథ

[తెరపై: పగిలిన గాజుపెంకులు, గవ్వలు పొదిగిన పొడవాటి టవర్లు]

వ్యాఖ్యానం: లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అనే పేట ఉంది. సైమన్ రోడియా అనే తాపీ మేస్త్రీ 1921 నుంచి ముప్పై ఏళ్లకు పైగా ఒంటరిగా ఈ టవర్లను కట్టాడు. ఇనుప కడ్డీలు, తీగ వల, సిమెంటు, వాటి మీద ఇతరులు పారేసిన సీసాలు, పింగాణీ ముక్కలు. ఒక్క చోట కూడా వెల్డింగ్ లేదు. కూలగొట్టాల్సిందేనని నగర అధికారులు పట్టుబడితే 1959లో పరీక్ష పెట్టారు. 10,000 పౌండ్ల బలంతో లాగినా టవర్ చెక్కుచెదరలేదు.

[తెరపై: 1965 నాటి నలుపు తెలుపు వీధి ఫొటోలు]

ఆ టవర్ల పక్కనే ఉన్న కళాకేంద్రానికి తొలి డైరెక్టర్ నోవా ప్యూరిఫాయ్. 1965 ఆగస్టులో ఒక అరెస్టుతో వాట్స్‌లో రేగిన అల్లర్లు ఆరు రోజులు సాగాయి. 34 మంది చనిపోయారు, వీధులకు వీధులు తగలబడ్డాయి. ప్యూరిఫాయ్, ఆయన మిత్రుడు జడ్సన్ పావెల్ ఆ శిథిలాల్లోంచి దాదాపు మూడు టన్నుల సామాను ఏరారు. కాలిన దూలాలు, వంకరపోయిన ఇనుము, నియాన్ బోర్డులు కరిగి గడ్డకట్టిన ముద్దలు. మరికొందరు కళాకారులను కలుపుకొని వాటితో చేసిన పనులే 1966 నాటి ‘66 సైన్స్ (Signs) ఆఫ్ నియాన్’ ప్రదర్శన.

దొరికిన వస్తువులను ఇలా కూర్చి చేసే కళే అసెంబ్లాజ్. చెత్తతో చేశారు కదా అని మెచ్చుకుని వదిలేస్తే సగమే చూసినట్టు. శిల్పి చేతికి వచ్చే రాయికి మనకు తెలిసిన గతం ఉండదు. కాలిన దూలం అలా కాదు, ఎవరి దుకాణానిదో, ఏ రాత్రి కాలిందో చెబుతూనే ఉంటుంది.

[తెరపై: చిన్న పెట్టెలో బొమ్మ, దగ్గరి దృశ్యం]

ఇదే కళలో మరో పేరు బెటీ సార్ (సార్ ఆమె ఇంటిపేరు). ఈ కళాకారిణి చిన్నప్పుడు వాట్స్‌లోని నాయనమ్మ ఇంటికి వెళ్లినప్పుడల్లా రోడియా పనిని చూసేవారు. 1972లో ఆమె ‘ఆంట్ జెమైమా’ బొమ్మను తీసుకున్నారు. పాన్‌కేక్ పిండి ప్యాకెట్ల మీద నవ్వుతూ కనిపించే నల్లజాతి వంటమనిషి రూపం అది. వంటింట్లో చీటీలు రాసుకునే పుస్తకం పెట్టుకోవడానికి అమ్మిన సరుకు. బెటీ దాని ఒక చేతిలో చీపురును అలాగే ఉంచి, రెండో చేతికి తుపాకీ ఇచ్చారు. వెనక గోడంతా అదే కంపెనీ లేబుళ్లు. అవమానించడానికి తయారైన వస్తువునే సాక్ష్యంగా నిలబెట్టడం ఆమె తెలివి. కొత్తగా ఒక బొమ్మను చెక్కి ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదని నా అభిప్రాయం. ఆ కంపెనీ ఆ పేరును వదులుకున్నది 2021లో!

[తెరపై: ఎడారి, ఆరుబయట నిలబెట్టిన శిల్పాలు]

ప్యూరిఫాయ్ 1989లో కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ ఎడారికి మారి, 2004లో చనిపోయేవరకు అక్కడే పని చేశారు. ఎండా గాలీ తన పనిని మార్చడం ఆయనకు ఇష్టమే. కానీ ఆ శిల్పాలను చూసుకునే నిర్వాహకులకు అదే చిక్కు: ఊడిన చెక్కను మళ్లీ బిగించాలా, వదిలేయాలా? నా ఓటు వదిలేయడానికే. మీ మాట కింద రాయండి.